జానెడింట మూరెడు కర్ర

“జానెడు ఇంట్లో మూరెడు కర్ర” అని మన పెద్దల సామెత యొకటి కలదు. రెండు జానలు కలిసిన ఒక మూర. కావున జానెడింటిలో మూరెడు కర్ర ఇముడదు. ఇముడ్చవలెనన్నచో కర్రనైనను విరువవలెను, ఇంటినైనను పెంచవలెను. పొంతన లేని కూర్పులను గూర్చి పుట్టిన ఈ మాట, కంప్యూటరు ఆటలను స్వయముగా కల్పించుకొను నేటి విద్యార్థులకు అక్షరాల ఎదురగుచున్నది.

ఈ కాలపు బాలబాలికలు ఇతరులు చేసిన ఆటను ఆడుటతో తృప్తి పడుట లేదు. తమ వీధిని, తమ బడిని, తమ ఊరి గుడిని ఆటలో చూడవలెనని వారి కోరిక. కోరిక మంచిదే. దానికి తగిన పనిముట్లును నేడు ఉచితముగా లభించుచున్నవి. హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్‌లో ఒక విద్యార్థి తన బడి భవనమును కంప్యూటరులో గదిగదిగా, కిటికీ కిటికీగా కట్టినాడనుకొందము. దానిని ఆటలోనికి దింపినాడు. ఏమియు కనబడలేదు. నేలకు కన్ను ఆనించి వెదుకగా బడి యంతయు ఆవగింజవలె ఒక మూల పడియున్నది. మరియొక విద్యార్థి అదే బొమ్మను వేరొక ఆటలోనికి దింపినాడు. ఈ మారు తలుపు గడియ మేఘములలో నున్నది, ఆటలోని మనిషి గడప క్రింద చీమవలె తిరుగుచున్నాడు. బొమ్మలో దోషము లేదు, ఆటలో దోషము లేదు. వాని నడుమ కొలమానమును గూర్చి ఒడంబడిక లేదు. అంతియే.

ఈ ఒడంబడికను కుదుర్చుట చిన్న పని. కాని దాని వెనుకనున్న గణితము, భూగోళము, శిల్పము చిన్నవి కావు. అందులకే దీనిని ఉపాధ్యాయుల యెదుట, విద్యార్థుల యెదుట ఉంచుచున్నాము.

అంకెకు ఇంటిపేరు

కంప్యూటరులోని నమూనా అనగా బిందువుల పట్టిక. ప్రతి బిందువునకు మూడంకెలుండును. ఒకటి అడ్డము, ఒకటి నిలువు, ఒకటి ఎత్తు. తలుపు పై అంచున 2.1 అని వ్రాసియున్నది. రెండు దశాంశము ఒకటి ఏమి? మీటరులా, అడుగులా, సెంటీమీటరులా? పట్టికలో ఆ మాట లేకపోవచ్చును. అంకెకు ఇంటిపేరు లేదన్నమాట. ఇంటిపేరు లేని అంకెను ఎవరి యింటికి పంపిన వారు తమ ఇంటిపేరు పెట్టుకొందురు.

బ్లెండర్ అను ప్రసిద్ధమైన ఉచిత చిత్రణ సాధనము, మనము మార్చనంతవరకు, ఒకటిని ఒక మీటరుగా ఎంచును. యూనిటీ, గోడో అను ఆటల యంత్రములును ఒకటిని మీటరుగానే ఎంచును. అన్‌రియల్ అను యంత్రము మాత్రము ఒకటిని ఒక సెంటీమీటరుగా ఎంచును. కావున మీటరులలో కొలిచిన 2.1 తలుపు, మధ్యవర్తి లేక నేరుగా అన్‌రియల్ నందు ప్రవేశించినచో 2.1 సెంటీమీటరులగును. బొటనవ్రేలి వెడల్పు! సెంటీమీటరులలో 210 అని వ్రాసిన అదే తలుపు యూనిటీలో 210 మీటరులగును. సుమారు నాలుగు చార్మినారులను ఒకదానిపై నొకటి నిలిపినంత ఎత్తు!

నమూనాను ఒక చోటినుండి మరియొక చోటికి మోయు దస్త్రములకును స్వభావభేదము కలదు. గ్లటీఎఫ్ అను పద్ధతిలో కొలతలన్నియు మీటరులలోనే యుండవలెనని నియమము. ఎఫ్.బి.ఎక్స్. పద్ధతి సాధారణముగా సెంటీమీటరులను ఆశ్రయించును. తన ప్రమాణమేదో తనలోనే వ్రాసికొనును. ఓ.బి.జె. అను పాత పద్ధతిలో అంకెలే కాని ప్రమాణము చెప్పు నియమమే లేదు. అది చిరునామా లేని ఉత్తరము వంటిది. పంపువాడును అందుకొనువాడును ముందుగా మాట్లాడుకొననిచో ఉత్తరము దారి తప్పును.

అయితే దారి తప్పిన తీరే వ్యాధి నిదానమునకు ఆధారమగును. వైద్యుడు నాడిని పట్టి చూచినట్లు విద్యార్థి తప్పు యొక్క నిష్పత్తిని పట్టి చూడవలెను. బొమ్మ నూరు రెట్లు పెరిగినను, నూరవ వంతునకు తరిగినను మీటరు సెంటీమీటరుల తగవు. 2.54 రెట్ల తేడాయైన అంగుళమునకు సెంటీమీటరునకు తగవు. 39.37 అయిన అంగుళమునకు మీటరునకు, 3.28 అయిన అడుగునకు మీటరునకు. నిష్పత్తిని కనుగొనక, ఆటలోనికి వచ్చిన బొమ్మను కంటికి బాగున్నదనిపించు వరకు లాగి సరిపెట్టుట తరచుగా జరుగు పని. అట్లు సరిపెట్టిన బొమ్మ ఒంటరిగా నున్నంతవరకు బాగుగనే యుండును. రెండవ బొమ్మ ప్రక్కకు వచ్చిననాడు బండారము బయటపడును.

మరియొక సూక్ష్మము. బ్లెండర్‌లో ఒక వస్తువును పట్టి లాగి పెద్దది చేసినపుడు దాని మూలపుటంకెలు మారవు. ప్రక్కన ఒక గుణకము మాత్రము చేరును. రెండు మీటరుల గోడను మూడు రెట్లు లాగినచో లోపల 2, ప్రక్కన 3 అని యుండును. కంటికి ఆరు మీటరులే. కాని ఆ గుణకము దారిలో జారిపోయినను, మరొక గుణకముతో కలిసినను ఫలితము తారుమారగును. పంపుటకు ముందే గుణకమును అంకెలలో కలిపివేసి ప్రక్కన 1 మాత్రమే మిగులునట్లు చేయుట నిపుణుల అలవాటు. ఇంటి లెక్క సరిచూచుకొని ప్రయాణమగుట వంటిది.

మేడ్చల్ పట్టాల సాక్ష్యము

కొలత తెలియని వస్తువును కొలత తెలిసిన వస్తువు ప్రక్కన నిలుపుట కొలతవిద్యలో తొలి పాఠము. మేడ్చల్‌లో అట్టి వస్తువు ఊరి నడుమనే యున్నది. అది రైలు పట్టా. సికింద్రాబాదునుండి నిజామాబాదు వైపు పోవు మార్గమున మేడ్చల్ ఒక స్టేషను. 2023 ఏప్రిల్ నుండి నగరపు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లును అందాక నడుచుచున్నవి. అక్కడి రెండు పట్టాల లోపలి అంచుల నడుమ దూరము 1676 మిల్లీమీటరులు, అనగా ఐదున్నర అడుగులు. ఇది దేశమందలి బ్రాడ్‌గేజి మార్గములన్నిటికిని ఒకే ప్రమాణము. స్టేషను ఛాయాచిత్రమున పట్టాలు స్పష్టముగా కనబడినచో వానిని కొలబద్దగా పట్టి, వాని సమీపముననే అంతే దూరమున నున్న వస్తువుల కొలతలను రాబట్టవచ్చును.

అయితే ఈ సాక్షిని ప్రశ్నించుటలోను జాగ్రత్త కావలెను. ఈ మార్గము నిజాం ప్రభుత్వ కాలమున, 19వ శతాబ్ది ముగిసి 20వ శతాబ్ది ఆరంభమగు సంధిలో, హైదరాబాదు–గోదావరీ లోయ రైలుమార్గముగా మన్మాడు వరకు వేయబడినది. అప్పుడది మీటరు గేజి. పట్టాల నడుమ దూరము సరిగా 1000 మిల్లీమీటరులు. బ్రాడ్‌గేజిగా మారినది చాల కాలము తరువాత. పాతకాలపు మేడ్చల్ స్టేషనును ఆటలో కట్టవలెనని ఉత్సాహపడు విద్యార్థి ఏ పాత ఛాయాచిత్రమునో సంపాదించి, నేటి పట్టాల కొలతను దానికి అంటగట్టినచో ఏమగును? ప్రతి వస్తువు 1.676 రెట్లు పెరుగును. మూడున్నర మీటరుల చూరు దాదాపు ఐదు మీటరుల తొంబది సెంటీమీటరులగును. స్టేషను మాస్టరు గది కచేరీ హాలగును. లెక్కలో తప్పు లేదు, చరిత్రలో తప్పు. కొలత తెలిసికొనుటకు ముందు కాలము తెలిసికొనవలెను.

రైలు నడుపు ఆటలలో ఇదియే సమస్య మరియొక రూపమున వచ్చును. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటరు, ట్రెయిన్జ్ అను ఆటలు వెలువడినది మొదలు, అభిమానులు తమ దేశపు ఇంజనులను, పెట్టెలను స్వయముగా తయారుచేసి ఆటలో చేర్చుట వాడుకయైనది. పాశ్చాత్య దేశములలో విస్తారముగానున్న పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటరులు. ఆ పట్టాలపై మన 1676 మిల్లీమీటరుల బండిని దింపినచో 241 మిల్లీమీటరుల తేడా వచ్చును. చక్రములు ఇరుప్రక్కల పన్నెండేసి సెంటీమీటరులు, అనగా బెత్తెడున్నర, పట్టాలు దాటి గాలిలో తిరుగును. అది చూడలేక బండినే పట్టాలకు సరిపోవునట్లు కుదించినచో సుమారు 3.24 మీటరుల వెడల్పు గల మన పెట్టె 2.77 మీటరులగును. అందులో నిలిచిన 1.70 మీటరుల ప్రయాణికుడు 1.46 మీటరుల బాలుడగును. పట్టాలను సరిచేయుట కష్టము, బండిని కుదించుట సులభము. అయినను సరియైనది కష్టమైన పనియే. చెప్పు బిగువైనదని కాలు కోసికొందుమా?

గజము, గుంట, మీటరు

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతమున నేల యొక్క భాష వేరు. పొలము ఎకరములలో, గుంటలలో పలుకును. ఇంటిస్థలము చదరపు గజములలో పలుకును. ఇల్లు కట్టునపుడు మేస్త్రీ అడుగులలో మాటలాడును. బాట మాత్రము కిలోమీటరులలో నడుచును. మెట్రిక్ కొలతలను దేశమునకు తెచ్చిన చట్టము 1956లో వచ్చినది. బడిలో పిల్లవాడు నేర్చునది ఆ కొలతలే. బడి గోడ దాటగానే గజము రాజ్యమేలుచున్నది. ఆటలో తన ఊరిని కట్టు విద్యార్థి ఈ రెండు రాజ్యముల నడుమ దుబాసీ కావలెను.

లెక్క కఠినము కాదు. గజము మూడడుగులు, మీటరులలో 0.9144. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. 121 అనగా పదునొకటి పదునొకట్లు. కావున ఇరువైపుల 11 గజములున్న చతురస్రము ఒక గుంట. దాని భుజము ఆటలో 10.06 మీటరులు.

చిక్కు వచ్చునది వైశాల్యము వద్ద. ముప్పదడుగుల ముఖము, అరువదడుగుల లోతు గల స్థలము 200 చదరపు గజములు. గజమునకు 0.9144 మీటరు కదాయని 200ను దానితో గుణించినచో 182.9 వచ్చును. అది తప్పు. పొడవు ఒకసారి, వెడల్పు ఒకసారి తగ్గును గనుక 0.9144ను రెండు మారులు గుణింపవలెను. సరియైన వైశాల్యము 167.2 చదరపు మీటరులు. ఈ రెండింటి నడుమ తేడా పన్నెండడుగుల వెడల్పు, పదునాలుగడుగుల పొడవు గల గది యంత! కాగితముపై దశాంశ బిందువు చేసిన చిన్న పొరపాటు ఆటలో ఒక కుటుంబము పడుకొనదగిన గదిని పుట్టించినది.

గజమును మీటరును ఒకటేయని ఉజ్జాయింపుగా తీసికొనుట ఇంకను ప్రమాదకరము. తేడా కంటికి ఆనదు. అందుచేతనే అది నూరు రెట్ల తప్పుకంటె కపటమైనది. పది గజముల ముఖము గల స్థలములు ఏబది ఒకే వరుసలో నున్నవనుకొందము. నిజమైన పొడవు 457.2 మీటరులు. గజమే మీటరనుకొన్న విద్యార్థి వీధి 500 మీటరులగును. ఒక్కొక్క ఇంటి వద్ద ఎవరికిని తెలియని తప్పు వీధి చివర దాదాపు 43 మీటరులై నిలుచును. వీధి చివర చెరువున్నచో చివరి యిండ్లు నీటిలో నిలుచును.

షామీర్‌పేట చెరువుకట్ట

చెరువు మాట వచ్చినది గనుక షామీర్‌పేటకు పోవుదము. అక్కడి పెద్ద చెరువు నిజాం కాలమునాటి కృత్రిమ తటాకము. చుట్టును దక్కనుకు సహజమైన నల్లరాతి గుండ్లు, దిగువన పల్లపు నేల. ఇట్టి స్థలమును ఆటలో కట్టవలెనన్న ముందుగా నేల ఎత్తుపల్లములు కావలెను. అవియు హైదరాబాదులోనే లభించుట మన అదృష్టము. 2005లో భారతదేశము ప్రయోగించిన కార్టోశాట్–1 ఉపగ్రహము నేలను రెండు కోణములనుండి చిత్రించినది. మన రెండు కన్నులు దూరమును గ్రహించునట్లు, ఆ జంట చిత్రములనుండి నేల ఎత్తును గణించిరి. హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రము ఆ ఫలితమును ముప్పది మీటరుల గళ్లుగా విభజించి భువన్ అను వేదికపై అందించినది.

ఈ పటమును ఆటలోనికి దింపుట యనగా ఒక నలుపు తెలుపుల చిత్రమును దింపుటయే. నలుపు పల్లము, తెలుపు ఎత్తు. ఇక్కడ రెండు ప్రమాణములు వేరువేరుగా చెప్పవలెను. మొదటిది అడ్డపు కొలత. ఒక గడి ముప్పది మీటరులని చెప్పక, యంత్రము తనకు అలవాటైన ఒక మీటరుగా తీసికొననిచ్చినచో, మూడు కిలోమీటరుల నేల నూరు మీటరులలో ముడుచుకొనును. రెండవది ఎత్తు కొలత. అన్‌రియల్ యంత్రమునందు, మనము మార్చనిచో, నలుపునకు తెలుపునకు నడుమ 512 మీటరులుండును. మనము తీసికొన్న నేలలో ఎత్తుపల్లముల తేడా 60 మీటరులే యనుకొందము. దానిని కటిక నలుపునుండి తెల్లని తెలుపు వరకు సాగదీసి దింపినచో ప్రతి ఎత్తు ఎనిమిదిన్నర రెట్లు పెరుగును. సైకిలుపై ఎక్కదగిన మెరక హిమాలయమగును. దూరపు కొండలు నునుపన్నారు పెద్దలు. దగ్గర చేసి దింపిన కొండలు నిక్కి నిలుచుట ఇందువలననే.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ముప్పది మీటరుల గడిలో ఒకే ఒక ఎత్తు వ్రాయబడును. చెరువుకట్ట యొక్క పై వెడల్పు కొద్ది మీటరులు మాత్రమే. గడిలోని నేలయంతటి సగటులో కట్ట కరిగిపోవును. కొన్ని చోట్ల బొత్తిగా కనబడదు. ఆటలో నీరు సాధారణముగా సమమైన పలక. చెరువు నిండు మట్టమున ఆ పలకను పరచినంతనే కట్ట లేనందున దిగువనున్న పల్లపు పొలములన్నియు నీటి క్రిందికి పోవును. ఊరి పెద్దలు కట్టను ప్రాణముగా చూచుకొనుటకు కారణమేమో ఆ క్షణమున విద్యార్థికి కంటికి కట్టినట్లు తెలియును. పటము అబద్ధమాడలేదు, తన గడి కంటె చిన్నదానిని చెప్పజాలననినది. ప్రతి పటమునకు ఒక గడి కలదు, గడికి లోబడినదే అది చెప్పగలదు. ఆ కట్టను విద్యార్థి స్వయముగా పోయి, టేపుతో కొలిచి, వేరుగా కట్టి చేర్చవలెను. పెద్దలు వెంట నుండగా మాత్రమే పోవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మనిషియే కొలబద్ద

ఇన్ని ప్రమాణముల నడుమ తుది తీర్పరి యెవరు? మనిషి. మన కొలతలు మనిషి దేహమునుండియే పుట్టినవి. నాలుగు వ్రేళ్ల వెడల్పు బెత్తెడు, చాచిన అరచేయి జాన, మోచేతినుండి వ్రేలికొన వరకు మూర, చాచిన రెండు చేతులు బార. బజారులో పూలమాలను నేటికిని మూరలతోనే కొలిచి ఇచ్చుచున్నారు. శిల్పశాస్త్రమందును ఇదే మర్యాద. ముఖము పొడవును తాలమందురు; తాలమునకు పండ్రెండు అంగుళములు. నవతాల ప్రతిమయనగా తొమ్మిది ముఖముల పొడవు, నూట యెనిమిది అంగుళములు. ఇక్కడి అంగుళము ఇంగ్లీషువారి అంగుళము కాదు. ఆ ప్రతిమకే చెందిన అంగుళము. విగ్రహము జానెడున్నను, నిలువెత్తున్నను ముక్కునకు ముఖమునకు, ముఖమునకు మేనికి గల పొంతన మారదు. స్థపతి మొదట ప్రమాణమును నిర్ణయించి తరువాతనే ఉలి పట్టును.

ఆటను కట్టువాడును ఆ క్రమమునే పాటింపవలెను. మొదటి బొమ్మను దింపుటకు ముందే, 1.70 మీటరుల ఎత్తు గల ఒక సాదా దిమ్మెను నేలపై నిలుపవలెను. దానికి కన్ను ముక్కు అక్కరలేదు. వచ్చిన ప్రతి తలుపు, ప్రతి మెట్టు, ప్రతి బల్ల ఆ దిమ్మె ప్రక్కన నిలిచి సాక్ష్యము చెప్పవలెను. మెట్టు మోకాలికి వచ్చుచున్నదా? అయిన తప్పు. తలుపు గడియ తలపై నున్నదా? అయిన తప్పు. మైన్‌క్రాఫ్ట్ అను ప్రఖ్యాతమైన ఆటలో ప్రతి దిమ్మె ఒక మీటరు ఘనమని ముందే నిశ్చయించిరి. ఆ ఆట ఆడు చిన్నపిల్లలుకూడ తమ యిల్లు ఎన్ని దిమ్మెలో లెక్కించి చెప్పగలుగుట ఆ ఒక్క నిశ్చయము యొక్క ఫలమే.

ఇందులకు ఒక మినహాయింపు కలదు. మనిషి వెనుకనుండి చూచునట్లు నడుచు ఆటలలో గదులను, తలుపులను నిజముకంటె కొంత పెద్దవిగా కట్టుట పరిపాటి. చూచు కన్ను మనిషి వెనుక కొంత దూరమున ఉండును గనుక, నిజమైన కొలతల గదిలో అది గోడకు తగులును. తెలిసి పెంచుట కళ, తెలియక పెరుగుట పొరపాటు. పెంచినవాడు ఎంత పెంచినాడో అంకెతో చెప్పగలిగిననే అది కళ యనిపించుకొనును.

పెరిగినకొలది మారు ధర్మములు

రూపము చెడకుండ పెంచినంత మాత్రమున వస్తువు స్వభావము చెడకుండ ఉండునా? ఉండదు. 1638లో గెలీలియో తన చివరి గ్రంథమున దీనిని వివరించినాడు. పొడవు పది రెట్లు పెరిగిన వైశాల్యము నూరు రెట్లు, ఘనపరిమాణము వెయ్యి రెట్లు పెరుగును. ఎముక బలము దాని అడ్డుకోత వైశాల్యమును బట్టి యుండును, బరువు ఘనపరిమాణమును బట్టి యుండును. కావున పది రెట్లు పెరిగిన మనిషి తన కాళ్లపై తాను నిలువజాలడు. ఆటల యంత్రములలో పదార్థపు సాంద్రతను బట్టి బరువును గణించు ఏర్పాటున్నచోట ఈ ధర్మమే పనిచేయును. తప్పుడు కొలతతో దిగిన బండ వెయ్యింతల బరువై ఆటనే తలక్రిందులు చేయును.

కాలముకూడ కొలతకు కట్టుబడియున్నది. 4.9 మీటరుల ఎత్తు కొమ్మనుండి చింతకాయ ఒక సెకనులో నేలకు వచ్చును. చెట్టు నూరు రెట్లు పెరిగినచో కొమ్మ 490 మీటరుల మీద నుండును. కాయ నేలకు వచ్చుటకు పది సెకనులు పట్టును. దూరము నూరు రెట్లైన కాలము పది రెట్లు, వర్గమూలపు నియమమిది. ఆటలో వస్తువులు దూదిపింజలవలె మెల్లగా దిగుచున్నవని విసుగుకొను విద్యార్థి గురుత్వాకర్షణను తిట్టుటకు ముందు తన కొలబద్దను చూచుకొనవలెను.

ఈ నియమము మన సినిమావారికి, ఇంజనీర్లకు ఏనాటినుండియో తెలిసినదే. 1957లో విడుదలయైన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమున కనబడు ద్వారకానగరము సూక్ష్మరూప నిర్మాణము. అట్టి చిన్న నగరములలో నీరు గాని, పొగ గాని కదలవలసి వచ్చినచో ఛాయాగ్రాహకులు చిత్రమును ఎక్కువ వేగముతో తీసి మెల్లగా చూపుదురు. లేనిచో అల సముద్రపుటలవలె గాక పళ్లెములోని నీటివలె తొణుకును. హైదరాబాదులో హిమాయత్‌సాగర్ చెంతనున్న ఇంజనీరింగు పరిశోధనాలయమున ఆనకట్టల నమూనాలను కట్టి నీటి నడకను పరీక్షించునపుడును ఇదే సూత్రము. నూరవ వంతు నమూనాలో నీటి వేగము నూరవ వంతు కాదు, పదవ వంతు. ఆ భేదమును మరచినచో నమూనా చెప్పిన సాక్ష్యము అసలు ఆనకట్టకు చెల్లదు.

ఎందులకింత శ్రమ?

ఆటయే కదా, ఇంత పట్టింపు ఏలయని అడుగువారుందురు. ప్రమాణము చెప్పని అంకె ఆటలోనే యుండిపోదు. 1999లో అమెరికావారి అంగారక వాతావరణ నౌక ఆ గ్రహమును చేరునాటికి నశించినది. భూమిపైనున్న ఒక లెక్కల పథకము తోపుడు ప్రభావమును పౌండ్ల ప్రమాణములో ఇచ్చినది. అందుకొన్న పథకము న్యూటన్ల ప్రమాణమనుకొన్నది. నిష్పత్తి నాలుగున్నరకు కొంచెము తక్కువ. ఓ.బి.జె. దస్త్రమును దింపు బాలునకు వచ్చు చిక్కే నౌకకును వచ్చినది.

ఇంకొక కారణము మనకు దగ్గరిది. 2014లో ఒక ప్రసిద్ధమైన ఆటలో పారిస్ నగరపు నోత్ర్‌దామ్ దేవాలయమును ఎంతో శ్రద్ధతో కట్టిరి. 2019 ఏప్రిల్‌లో ఆ దేవాలయము అగ్నికి ఆహుతి కాగా, ఆటలోని నమూనా పునర్నిర్మాణమునకు పనికివచ్చునని లోకము ఆశపడినది. కాని అది ఆటకు అనువుగా తీర్చిన రూపము; కొలతల పత్రము కాదు. పనికివచ్చినది, ఆండ్రూ టాలన్ అను కళాచరిత్రకారుడు అంతకు పూర్వమే లేసరు కిరణములతో రాయిరాయిని కొలిచి దాచిన లెక్క. అందము రెండింటను కలదు. ఆపదలో ఆదుకొన్నది కొలత.

మేడ్చల్, షామీర్‌పేటలు వేగముగా మారుచున్న ఊళ్లు. బాహ్య వలయ రహదారి వాని మీదుగా పోయినది. పొలములు గజములుగా విడిపోవుచున్నవి. నల్లరాతి గుండ్లు పగిలి ఇండ్లకు కంకరయగుచున్నవి. నేటి పిల్లలు ఆటకై కట్టు బడి, బావి, రచ్చకట్ట, రాతిగుండు రేపు వాని యొక్క జ్ఞాపకము కావచ్చును. కొలత లేక కట్టినది చూచుటకు బొమ్మ. కొలిచి కట్టినది ఊరికి పత్రము.

కావున ఉపాధ్యాయులకు మా మనవి. కంప్యూటరు గదిలోనికి పోవుటకు ముందు పిల్లలచేతికి టేపు నిచ్చి బయటికి పంపుడు. తరగతి తలుపును, మెట్టును, నల్లబల్లను కొలిపింపుడు. ప్రతి అంకె ప్రక్కన ప్రమాణమును, కొలిచిన తేదీని వ్రాయింపుడు. అడుగులలో వచ్చినదానిని మీటరులలోనికి, చదరపు గజములను చదరపు మీటరులలోనికి మార్పింపుడు. తరువాతనే ఆటలో మనిషెత్తు దిమ్మెను నిలిపి, దాని ప్రక్కన మొదటి తలుపును దింపింపుడు. లెక్కల పాఠము, సాంఘిక పాఠము, చిత్రలేఖనము ఆ ఒక్క తలుపు వద్ద కలిసికొనును. తలుపు మనిషికి సరిపోయిననాడు జానెడింటికి జానెడు కర్ర దొరికినదన్నమాట. ఇక ఊరంతయు దాని వెనుకనే నడచి వచ్చును.